బాపుకు తేలికైన వేట జాకెట్

శుక్రవారం, అల్ సద్

మా బాపు డ్రైవర్‌గా పనిచేసే అరబ్బు యజమాని ఎల్లుండి ఎడారికి వేటకు వెళ్తున్నాడు. బండి నడిపేది బాపే. చేతుల్లేని వేట జాకెట్ ఒకటి కొనిద్దామని సాయంత్రం షాపుకు తీసుకెళ్లాను.

మొదటిది టర్కీ కోళ్ల వేటకు కుట్టిందట, వెనక కూర్చోవడానికి మెత్త కూడా ఉంది.

"దొర లెక్క కూసోవచ్చు బాపూ!"

వేసుకోబోతే బాపు ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు.

"సైజు చిన్నగున్నది బిడ్డా."

అది అన్నిటికన్నా పెద్ద సైజు.

"చెయ్యి ఎప్పటిసంది గిట్లున్నది?"

"లొల్లి జెయ్యకు. సార్‌కు తెలిస్తే ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుంటడు."

మెత్త లేని, బాగా తేలికైన జాకెట్ తీసి, నేను పనిచేసే క్లినిక్‌లో నర్సుల్లా నొప్పి చేతికి ముందు తొడిగాను. బాపు తల వంచుకుని కదలకుండా నిలబడ్డాడు.

ఆ చేత్తో అంతదూరం స్టీరింగ్ ఎలా తిప్పుతాడు? సార్‌కు నేనే ఫోన్ చేస్తే బాపు మళ్లీ నాతో మాట్లాడతాడా... నంబర్ అయితే తీసి పెట్టుకున్నాను.