చూడకుండా చదివిన చార్టు

తంగెరాంగ్, ఆదివారం

చిరంజీవి వెనింగ్‌కు అమ్మ దీవెనలు. నేనూ మీ నాన్నా బాగానే ఉన్నాం. సురబాయలో నువ్వు వేళకు తింటున్నానని రాశావు. నమ్మలేదు.

నీ ఉత్తరం బూట్ల ఫ్యాక్టరీలో నా పక్కన జిగురు తుడిచే సుతినాకు వినిపించాను. కంటి వెనకపొర కణాల్లో లైసోజోములనే చిన్న సంచులుంటాయనీ, ఏరోజు చెత్త ఆరోజు అరిగిస్తాయనీ, జిగురు తుడవడానికి మేం వాడే థిన్నర్ నేను సీసాలో పంపితే, మీ ల్యాబులో అది పడ్డ కణాల్లో అవి ఉబ్బి పగిలాయనీ రాశావు కదా. "మన వీధికి చెత్తబండి రానట్టన్నమాట" అంది. గాజుపళ్లెంలో జరిగింది మనిషి కంట్లో జరిగినట్టు రుజువు కాదు, తొందరపడొద్దు అన్నావు. నీ చదువు అలాగే చెప్పాలి. కానీ కళ్లు నావి.

మా మేనేజరు దర్సోనో పిలిచి, వయసువల్ల చూపు తగ్గిందన్న కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నాకు నలభైమూడు. పెట్టనన్నాను. నవ్వి ఫైలు తీశాడు. ఫ్యాక్టరీ చేయించిన నాలుగేళ్ల కళ్ల పరీక్షల్లోనూ నా చూపు బాగుందనే ఉంది.

నా అక్షరాలు గీత దాటుతున్నాయేమని అడిగావు. ఇన్నాళ్లూ దాచాను తల్లీ. ఎడమకంటి నడిమధ్య మసక మొదలైనప్పుడు, పని పోతే నీ చదువేమవుతుందని భయపడి ఆ పరీక్షలో చదివించే అక్షరాల చార్టు కంఠతా పట్టాను. ఏటా అదే చార్టు. పక్కవాళ్లకూ నేర్పాను. ఇప్పుడు రెండో కన్నూ అంతే. ఓరచూపుతో రాస్తున్నాను.

నేను పెట్టిన ఫిర్యాదు మీద మొన్న శుక్రవారం కార్మికశాఖ అధికారిణి వచ్చింది. దర్సోనో ఫైలు చూపించాడు. నేను లేచాను.

"అవి అబద్ధాలమ్మా. చెప్పింది నేనే. కొత్త అక్షరాలు రాసి పెట్టండి."

ఆవిడ అట్టముక్క మీద రాసి గోడకు ఆనించింది. నాకు అట్ట అంచులే కనిపించాయి. సుతినా వచ్చి తనకూ కనబడట్లేదంది. తర్వాత వరసలో నిలబడ్డవాళ్లలో ఇంకో ఏడుగురు చదవలేకపోయారు. ఆవిడ తొమ్మిది పేర్లూ రాసుకుంది. థిన్నర్ పీపాలకు సీలు వేయించింది.

బయటికొచ్చాక సుతినా నా మొహం చూడలేదు. "నువ్వు నేర్పకపోతే రెండేళ్ల కిందటే బయటపడేవాళ్లం" అంది. నిజమే. ఆ మాట జీవితాంతం పడతాను. కానీ ఫిర్యాదు వెనక్కి తీసుకోను.

నన్ను పనిలోంచి తీసేశారు. మీ నాన్న అన్నం వడ్డించారు.

అధికారిణి నీ ప్రయోగం కాగితాలు అడిగింది. మీ మాస్టారు వెనకాడితే, ఆ సీసాలోది మా అమ్మ ముక్కు కింద నాలుగేళ్లుందని చెప్పు. నీ పేరు పెట్టి పంపు.

ఇట్లు,
నిన్ను కన్న మొండిది,
రుమియాతి