మీరు అల్లిన ఆఖరి కుచ్చు

ఏవండీ,

నిన్న మన చర్చిలో కోతల పండుగ జరిగింది. మీరు పోయాక ఇదే మొదటిది. మన చేనుతో సహా మండవల్లి దాకా అంతా చేపల చెరువులైపోయాయి కదా, కానుకల బల్ల మీద ఈసారి శీలావతి, బొచ్చె చేపలు పెట్టారు. పక్కన గుమ్మడికాయలు, అరటిగెలలు. వరి మాత్రం లేదు.

పొద్దున్నే పాస్టరు గారు మనింటికి వచ్చారు. "వరి కంకి ఒక్కటైనా లేకుండా కోతల పండుగ ఏం చేస్తామండీ?" అన్నారు. అంతలో చూరుకు వేలాడుతున్న వరి కంకుల కుచ్చు ఆయన కంట పడింది. మన చేలో ఆఖరి కోతప్పుడు పిచ్చుకల కోసం మీరు అల్లి కట్టినదే. గింజలన్నీ అవి ఎప్పుడో తినేశాయి, ఉత్త గడ్డే మిగిలిందని చెప్పాను.

"దూరానికి తెలియదులెండి" అన్నారు. నేనే ముక్కాలిపీట ఎక్కి విప్పి ఇచ్చాను.

ఆరాధన అయ్యాక కానుకలన్నీ ఎప్పటిలాగే వేలం వేశారు. కుచ్చును పాడుకుని ఇంటికి తెచ్చేసుకుందామని కూర్చున్నాను. మన చేను తీసుకుని చెరువు తవ్వించినాయన కూడా పాట మొదలుపెట్టారు. నేను ఎంత పాడినా ఆయన ఇంకాస్త పెంచుతూనే పోయారు. చివరికి నేనే ఊరుకున్నాను.

బయట చెప్పులేసుకుంటుంటే ఆయన భార్య వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎంత ముచ్చటగా ఉందండీ. గుమ్మానికి రెండో పక్కకి ఇలాంటిదే ఇంకోటి అల్లించి పెడతారా అండీ?"

"చూస్తానండీ" అన్నాను.