గుహలో నువ్వు పెట్టిన వెలుగు

మహేశ్,

బీచుపల్లి దగ్గర కృష్ణలో నీ అస్థికలు కలిపి ఏడాదైంది. పాచికలేసి కథ నడిపే మన ఆట ఇవాళ మళ్లీ మొదలుపెట్టాం, వనపర్తిలో రజిత వాళ్ల మేడ మీదే. గుహ పటం పరిచి, నీ మాంత్రికుడి చింతగింజను నువ్వు వదిలిన చోటే పెట్టాం.

కథ నడిపేది ఎప్పటిలాగే రజితే. "ఆడేటోడు లేడు. మాంత్రికుడు సచ్చినట్టే," అని గింజను తీసి డబ్బాలో వేసింది. తల మాత్రం ఎత్తలేదు.

"మరి గుహల వాడు పెట్టిన వెలుగు? మాంత్రికుడే లేకపాయె, అది ఆరిపోదా?" అన్నాడు శీను.

నేను వాడి మీద అరిచాను. రజిత నియమాల పుస్తకం తీసి చాలాసేపు చదివింది.

"మనసుల పట్టుకొని నిలిపే మంత్రమైతే ఆరిపోతుండె. గిది శాశ్వతంగ కట్టిండు. వాడు లేకున్నా ఉంటది."

ఆటలో నీ మాంత్రికుడు దాచుకున్న కెంపుల పొడంతా ఆ ఒక్క వెలుగు మంత్రానికే పోశావని అప్పుడు నిన్ను తిట్టింది నేనే.

"ఇగ ముందుకు పోదమా?" అంది రజిత.

ఎవరమూ మా గింజలు కదపలేదు. పొద్దుగూకేదాకా నీ వెలుగు పక్కనే కూర్చున్నాం.