సొరుగులో మందు

అన్నయ్యా,

ఎదురుగా చెబితే వినవని రాస్తున్నాను. నిన్న మన టైలరు కొట్లో నా చేతిలో కత్తెర వణికితే, కస్టమర్ల ముందే "పొద్దున్నే మందు కొట్టావా?" అన్నావు. సొరుగులోంచి చక్కెర పొట్లం తీస్తే, "షుగరు పెట్టుకుని చక్కెర తింటావా?" అని లాక్కున్నావు. పక్క టీకొట్టాయన నా నోట్లో చక్కెర పోయబట్టి బతికాను.

చిన్నప్పుడు కడుపునొప్పితో మెలికలు తిరిగితే, బడి ఎగ్గొట్టే వేషాలన్నావు. ఆ జబ్బే ఏళ్ల తరబడి క్లోమాన్ని తినేసి ఈ షుగరు తెచ్చిందన్నాడు డాక్టరు. నేను చుక్క ముట్టి ఎరగను. ఇన్సులిన్ వేసుకున్నాక షుగరు పడిపోతే వణుకొస్తుంది. అప్పుడు చక్కెరే నాకు మందు.

ఇంకో పొట్లం అదే సొరుగులో పెట్టాను. ఈసారి వణికితే ముందు నా నోట్లో పొయ్యి. తాగుబోతని తర్వాత తీరిగ్గా తిడుదువుగాని.

నీ వేషాల తమ్ముడు