రాజలింగన్న ఫోటోల్లోని గోడలు

రాజలింగన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను.

ఈ అరబ్బు దేశంలో, రాస్ అల్ ఖైమా కొండ మీది పాత ఊరి గుండా మన కంపెనీ రోడ్డు వేయాల్సింది కదా! పాడుబడ్డ ఆ రాతి ఇళ్లు కూలిపోయేవేనని అందరూ అన్నారు. నువ్వు మాత్రం రెండేళ్లపాటు, వాన పడ్డప్పుడల్లా కొండెక్కి ఒక్కో గోడనూ ఫోన్‌లో ఫోటో తీశావు.

"ఖలాస్ అన్నా, వీటి పనైపోయింది. ఎవరికి గావాలె ఇవి?" అని నవ్వేవాణ్ణి.

"సిమెంటు లేదు, సున్నం లేదు. అయినా ఒక్క రాయి కదల్లే, సూడు తమ్మీ!" అనేవాడివి.

నీ ఫోన్ ఇంటికి పంపేముందు ఆ ఫోటోలన్నీ మన రోడ్డు సర్వే చేసే మేడమ్‌కు ఇచ్చాను. ఆమె వాటిని తేదీల వారీగా పేర్చి, రెండేళ్ల వానలకూ గోడలు చెక్కుచెదరలేదని పైవాళ్లకు చూపించింది. నిన్న సర్కారు ఉత్తర్వు వచ్చిందన్నా. రోడ్డును పక్కకు జరిపారు. ఇకపై పరిశీలించకుండా ఏ కొండ ఊళ్లోనూ పాత ఇల్లు కూల్చకూడదట. ఒక మేస్త్రీ ఫోన్‌కు అంత బలముందా అని నాకింకా నమ్మకం కుదరడం లేదు.

ఈ పొద్దున ఆ ఊళ్లో పుట్టిన ముసలి అరబ్బు ఒకాయన ఫోటోల సంగతి విని వచ్చాడు. తన ఇంటి గోడను చాలాసేపు తడిమి, "ఫోటో కిస్‌నే లియా?" అని, ఎవరు తీశారో హిందీలో అడిగాడు. చెప్పాను. నోరు తిరగక, నీ పేరును మూడుసార్లు పలికి నేర్చుకున్నాడు.

నీ తమ్ముడు,
నర్సయ్య