కెరటం దాటని మోత

ప్రియమైన తమ్ముడు జానకిరామ్‌కు,

గాలివానకు టవర్ కూలాక ఫోన్లు లేవు. టెక్కలిలో నీ కాలేజీ ల్యాబుకు ఆటో ఆనంద్ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను. మంచులో తెప్పలు తిరిగొచ్చేటప్పుడు, కెరటాలు విరగని సందు ఎక్కడుందో తెలిసేలా మా అత్త ఒడ్డున కంచుపళ్ళెం కొట్టేది కదా. ఇప్పుడు ఆ మోతనే రికార్డు చేసి, ఒక పెట్టెలో ఎక్కించి, స్తంభం మీది హారన్‌లో వినిపిస్తున్నారు. రెండు మోతలైతే తికమకని ఊరి కమిటీ అత్తను కొట్టొద్దంది. ఒడ్డున చెవులు పగులుతున్నాయి, నీళ్ళ మీద ఏమీ వినబడదట. మొన్న రెండు తెప్పలు బోల్తాపడ్డాయి. మీ బావ గున్నయ్య వేట మానేసి కూర్చున్నాడు. పోట్లాడి పెట్టె దింపించాను, ఆటోలోనే ఉంది. చూడరా.

నీ అక్క
అమ్ములు

ప్రియమైన అక్కా,

పెట్టె విప్పాను. అంకెలుగా దాచిన మోతను తిరిగి కరెంటు అలలుగా మార్చే చిప్పు ఉంటుంది. ఇందులోది సెకనుకు ఎనిమిది వేల అంకెలే తీసుకుంటుంది. అదే సాంప్లింగ్ రేటు. అందులో సగం, అంటే సెకనుకు నాలుగు వేల కంపనాలు దాటిన శబ్దం దాని నోట రాదు. కంచు గణగణ ఎక్కువగా ఆ పైనే ఉంటుంది. మిగిలిన బొంగురు మోత కెరటాల హోరులో కలిసిపోతుంది. ఫోన్‌లో మాటకు చాలేది చేపలోళ్ళకూ చాలన్నాడు ఎవడో. ఆ చాలన్నవాడు ఎన్నడైనా తెప్ప ఎక్కాడా? తప్పు విజ్ఞానానిది కాదక్కా, మన ప్రాణాలకు చవకబారు కొలత పెట్టినవాడిది.

నలభై ఎనిమిది వేల చిప్పు వేశాను. పోయినేడు మంచి రికార్డరులో పట్టుకున్న అత్త మోత ఎక్కించాను. హెడ్‌ఫోన్‌లో పళ్ళెం అంచు కూడా వినబడింది. పెట్టెను ఆనంద్ ఆటోలోనే పంపుతున్నాను, స్తంభానికి బిగించాక బావను వేటకు వెళ్ళమను.

నీ తమ్ముడు
జానకిరామ్

అక్కా,

బావను ఆపు. మన స్తంభం మీదిలాంటి హారన్ పలాస కొట్లో దొరికితే పరీక్షించాను. చిప్పు ఎంత వేగంగా అంకెలు తీసుకుంటుందన్నది ఒకటి. ఆ తర్వాత హారన్ నోటిదాకా ఉన్న దారి ఎంత పై శబ్దాన్ని పోనిస్తుందన్నది, అంటే బ్యాండ్‌విడ్త్, వేరొకటి. మొదటిది పెంచి రెండోదీ పెరిగిందనుకున్నాను. ఆ హారన్ మూడు వేల కంపనాలు దాటనివ్వదు. కొత్త మోతంతా దాని గొంతులోనే చస్తుంది. అత్తను పళ్ళెం కొట్టమను. కమిటీతో నేను తగువాడుకుంటాను.

జానకిరామ్

ప్రియమైన తమ్ముడూ,

నీ రెండో ఉత్తరం వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. "మా బావమరిది సేసిన పెట్టె, ఇనబడకేటి" అని నవ్వుతూ తెప్ప నెట్టాడు. ఉత్తరం చదివి అత్తా నేనూ చేతులు వాచేదాకా పళ్ళెం కొట్టాం. అప్పటికే తెప్ప సందు తప్పింది. చెక్కలు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు.

ఇవాళ విచారణ అధికారి వచ్చాడు. "పెట్టె మోగిందా, లేదా? అది చెప్పమ్మా" అన్నాడు.

"మోగింది బాబూ. ఇనబడతాదో లేదో తెప్పెక్కి సూడు" అన్నాను.

సముద్రం వైపు ఒకసారి చూసి, మోగిందని రాసుకుని జీపెక్కాడు. పక్క ఊళ్ళలోనూ ఈ పెట్టెలే కడతారట.

నీ మీద కోపం లేదని అబద్ధం రాయలేను. అయినా రా. స్తంభం ఎక్కడం నాకు వచ్చు, ఆ హారన్ బోల్టులే ఊడటం లేదు. స్పానర్ తీసుకురా.

అమ్ములు