ముప్పై ఎనిమిది మీటర్లు

ఆదివారం, రాయపూర్

మా పేపర్‌కి పంపే ఏనుగుల వార్తల్లో "అతి దగ్గరగా" అని రాయడం నచ్చక రేంజ్‌ఫైండర్ ఒకటి కొన్నాను. గురిపెట్టి బటన్ నొక్కితే దూరం ఎన్ని మీటర్లో చూపిస్తుంది. ఉర్లాలో తను పనిచేసే ఫ్యాక్టరీ కొత్త షెడ్డు కొలవాలని బావమరిది శీను అడిగితే పోయిన వారం ఇచ్చాను.

ఈ మధ్యాహ్నం తెలీబంధాలో వాళ్లింట్లో భోజనం. నేను రెండు ముద్దలు తిన్నాక శీను నవ్వాడు.

"చికెన్ కాదు బావా, కుందేలు. నీ మిషన్ ఏక్‌దమ్ పక్కా! ఉర్లా అవతల పొదల్లో ముప్పై ఎనిమిది మీటర్లంది. ఎయిర్‌గన్ కాస్త పైకెత్తి కొట్టా, ఒక్కటే దెబ్బ."

"షెడ్డు కొలవాలన్నావు కదరా?"

"అదీ కొలిచాలే. అరే యార్, ఒక్క కుందేలుకి ఇంత గుస్సా ఏంటి? పేపర్లో రాసేస్తావా?"

అందరూ నవ్వారు. నేను కంచంలోనే చేయి కడుక్కుని లేచాను. అడవి కుందేలును చంపితే వన్యప్రాణి చట్టం కింద కేసని వాడికి తెలుసు. పట్టుబడ్డవాళ్ల పేర్లతో నేను రాసిన వార్తలు వాడు చదివాడు.

దారంతా సుజాతది ఒకటే మాట. "మా తమ్ముడండీ. కేసు పెడితే వాడి నౌకరీ పోతుంది."

పోతుంది, నిజమే. పోయిన నెల కుందేళ్ల వలతో దొరికినవాడి పేరు, ఊరు రాశాను. వాడికీ ఒక అక్క ఉందేమో నేను అడగలేదు.

కోపం ఇంకా తగ్గలేదు. అటవీశాఖకు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. చోటు రాశాను, దూరం రాశాను. పరికరం ఎవరిదన్న దగ్గర నా పేరు రాశాను. కాల్చినవాడి పేరు దగ్గర మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.